మే నెలలో వాగులో పచ్చగా ఏముందో చూడండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: అమెరికా ఎడారుల్లో ఎండిపోయిన వాగుల వెంట నడుస్తూ చెట్టూ చేమా చూసేవాళ్ల వీడియోలు చూశారు. మీది దేవరకొండ పక్క పల్లె. ఊరి వాగు ఏడాదిలో తొమ్మిది, పది నెలలు ఎండే ఉంటుంది. అందులో దిగి నడిస్తే మనకూ చూడదగినవి ఏమైనా ఉంటాయా, లేక సర్కారు తుమ్మ, ప్లాస్టిక్ సంచులేనా? ఎప్పుడు, ఏ వాగుకు వెళ్లాలి? మొక్కల పేర్లు రానివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను జీవశాస్త్రం చెప్పిన బడిపంతులును. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఏ ఊరికి బదిలీ అయినా మొదట అద్దె ఇల్లు వెతుక్కునేవాణ్ని, ఆ తరువాత వాగు ఎటువైపో కనుక్కునేవాణ్ని. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా మోకాళ్లు ఒప్పుకున్న మేరకు తిరుగుతూనే ఉన్నాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా, మనది ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను స్థూలంగా ఎడారి అంటారు. మహబూబ్‌నగర్ వైపు దాదాపు 600 మిల్లీమీటర్లు పడుతుంది, నల్లగొండ వైపు ఇంకాస్త ఎక్కువ. కాకపోతే అందులో పెద్ద వాటా జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అదీ నాలుగైదు పెద్ద వానల్లోనే కురిసిపోతుంది. మిగతా కాలమంతా మబ్బు ముఖం చాటేస్తుంది. పైగా మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు ఇంకేది పైన ఉన్న మొరంలోకి, ఆ కింది రాతి పగుళ్లలోకి మాత్రమే. అందుకే మన వాగు వరద వచ్చిన రోజు ఒడ్డు కోసుకుంటూ ఉరుకుతుంది, కొన్నాళ్లకే ఇసుక తేలి కనిపిస్తుంది. ఈ గుణం చూస్తే మన వాగు ఎడారి వాగుకు దగ్గరి చుట్టమే. మొక్కలు మాత్రం వేరు.

మీరు వీడియోల్లో చూసిన పచ్చ బెరడు చెట్టు పాలో వెర్డే. స్పానిష్ భాషలో ఆ పేరుకు పచ్చ కట్టె అని అర్థం. అరిజోనా వైపు సోనోరన్ ఎడారి వాగుల గట్ల మీద పెరుగుతుంది, ఆకులు రాల్చేసిన కాలంలో కూడా బెరడుతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. అక్కడి వాగు చెట్లలో కొన్నింటి గింజలకు తొక్క ఎంత గట్టిదంటే, వరదలో రాళ్ల మధ్య దొర్లి గీసుకుపోతే గాని సరిగా మొలకెత్తవు. నేలకు తడి అందేది కూడా ఆ వరద రోజునే కదా, ఏర్పాటు బాగుంది. మన నల్లతుమ్మ గింజదీ అలాంటి మొండి తొక్కే. ఇక్కడ ఆ పని చాలావరకు మేక కడుపు చేస్తుంది. మంద పడుకున్న చోట వానలు పడగానే తుమ్మ మొలకలు గుంపుగా లేవడానికి కారణం అదే.

ఇక అసలు సంగతి. వాగు ఎండిందని మనం అనేది ఇసుక పైభాగం చూసి. నీళ్లు కిందికి దిగి, ఇసుక రేణువుల సందుల్లో నిదానంగా నడుస్తూ ఉంటాయి. నా చిన్నతనంలో ఎండాకాలం ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎండిన వాగులోకే వెళ్లేవారు. మోకాలి లోతు చెలిమ తోడి, మొదట ఊరిన మురికి నీళ్లు కొబ్బరి చిప్పతో ఎత్తి పారబోసి, తేటనీళ్లు ఊరేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఎక్కడ పడితే అక్కడ తోడేవారు కాదు. మా నాయనమ్మ ఒడ్డు వైపు చూసి, "ఆ తుంగ ఉన్న కాడికి పోదాం" అనేది. చెలిమ ఎప్పుడూ ఒట్టి పోయేది కాదు. నేను డిగ్రీలో చేరి మొక్కల గురించి ఎంతో చదివాక గాని, ఆమె చూస్తున్నది ఏమిటో నాకు అర్థం కాలేదు.

అందుకే నా మొదటి సలహా అందరూ చెప్పేదానికి కాస్త విరుద్ధంగా ఉంటుంది. మొక్కలు చూడాలంటే వానాకాలం చివర్లో, దసరా దీపావళి రోజుల్లో వెళ్లమంటారు. కంటికి అదే పండుగ, కాదనను. వాగులో రెల్లు పూసి తెల్లగా ఊగుతుంది, గట్ల మీద తంగేడు, గునుగు బతుకమ్మకు సిద్ధంగా ఉంటాయి. కానీ ఆ నెలల్లో అన్నీ పచ్చగానే ఉంటాయి. నిన్నటి వానతో బతికేదీ, నేల అడుగు ఊటతో బతికేదీ ఒకే రంగులో కనిపించి మనల్ని మోసం చేస్తాయి. మే నెల రెండో వారంలో వెళ్లండి. అప్పటికి పైతడి మీద ఆధారపడినవన్నీ ఎండి పొట్టు అయి ఉంటాయి. ఇంకా పచ్చగా నిలబడినదాని వేరు ఊటలో ఉందని లెక్క. దీనికి మూడు మినహాయింపులు: వేప, జిల్లేడు, సర్కారు తుమ్మ. వేప రాళ్ల గుట్ట మీద కూడా ఎండాకాలం ముందు చిగురు తొడుగుతుంది. జిల్లేడు రోడ్డు పక్క కంకరలో కూడా నవనవలాడుతుంది. ఈ మూడింటినీ చూసి నీటి జాడ అనుకోకండి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. కల్వకుర్తికి కొద్ది దూరంలో ఒక చిన్న ఒర్రె ఉంది. ఓ ఏడాది ఎండాకాలం సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరిని వెంటబెట్టుకుని పొద్దున్నే ఆరింటికి దిగాను. అర కిలోమీటరు నడిచినా తెల్లటి ఇసుక, ఎండిన వెంపలి పుల్లలు తప్ప ఏమీ లేవు. పిల్లలు విసుక్కుంటున్నారు. ఒక మలుపు తిరగ్గానే ఒర్రెకు అడ్డంగా నల్లరాళ్ల వరస, ఎవరో పాత గోడ కట్టి వదిలేసినట్టు కనిపించింది. దానికి ఎగువన మంచం పరిచినంత మేర పచ్చదనం. తుంగ, పొన్నగంటి, గుంటగలగర, పక్కనే చిన్న మేడి చెట్టు. ఒక పిల్లాడు చేత్తో ఇసుక తోడితే జానెడు లోతులో తడి తగిలింది. రాళ్ల వరస దాటి దిగువన ఇరవై అడుగులు వేసి అదే పిల్లాణ్ని తోడమన్నాను. మోచేతి దాకా తోడాడు. పొడి ఇసుకే.

ఆ నల్లరాళ్ల వరసను భూగర్భ జలాల వాళ్లు డైకు అంటారు. ఎప్పుడో గ్రానైటు పగుళ్లలోకి కరిగిన శిల ఎగదన్ని గడ్డకట్టి నిలువు పలకలా నిలబడింది. దాన్ని డోలరైటు అంటారు. మన రెండు జిల్లాల్లోనూ ఇవి చాలాచోట్ల కనిపిస్తాయి, పొలాల మధ్య నల్లగుండ్లు ఒకే వరసలో పోతుంటే అదే. వాగు అడుగున అది ఆనకట్టలా పనిచేసి, ఇసుక కింద నడిచే నీటిని ఎగువన ఆపుతుంది. ఆ రోజు పిల్లలకు నేను పాఠం చెప్పాల్సిన పనే పడలేదు. గుంటగలగర కాడ నలిపి అరచేతికి రాసుకుని, కాసేపటికి అది నల్లబడుతుంటే చూస్తూ నడిచారు. మీ వాగులో కూడా ముందుగా ఇలాంటి నల్లరాళ్ల అడ్డుకట్ట కోసం చూడండి. దొరికితే అక్కడే ఒక పూట గడపవచ్చు.

ఇప్పుడు ఒడ్డు చెట్లు. మామూలుగా వాగుల వెంటే పెరిగే పెద్ద చెట్టు మనకు ఏరుమద్ది, తెల్లమద్ది అనేదీ ఇదే. బెరడు లేత బూడిద రంగులో పలకలు పలకలుగా ఊడి, కింద నున్నగా కాస్త గులాబీ ఛాయ కనిపిస్తుంది. దూరం నుంచి ఎవరో సున్నం కొట్టినట్టుంటుంది. గుర్తు కావాలంటే తొడిమ ఆకును కలిసే చోట వేలితో తడమండి, రెండు చిన్న బుడిపెలు తగులుతాయి. కింద రాలిన కాయకు ఐదు రెక్కలు నిలువునా ఉంటాయి. ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే మళ్లీ మరిచిపోరు.

కానుగ అందరికీ తెలిసిందే అనుకుంటాం గాని, ఉగాదికి అటూ ఇటూ ఎండిన వాగులో నిలబడి చూస్తే అది వేరే చెట్టు. కొత్త ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది, ఆ తరువాత పూలు రాలి ఇసుక మీద లేత ఊదా తెలుపు జంపఖానా పరుస్తాయి. నేరేడు, మేడి గురించి ఎక్కువ చెప్పను. మేడి ఉంటే పిట్టలు, ఉడుతలు, గబ్బిలాలు ఉంటాయి, చెట్టు కింద కాసేపు కదలకుండా కూర్చోవడమే పని.

వావిలి ఒడ్డునే ఉండే పొద. అరచేయిలా విచ్చుకున్న ఆకుకు మూడు గాని ఐదు గాని రెక్కలు, అడుగున వెలిసిన తెలుపు. గాలి వీస్తే పొద మొత్తం ఒక్కసారి రంగు మారినట్టు కనిపిస్తుంది. నలిపి వాసన చూడండి, ఇంట్లో బాలింతల స్నానానికి నీళ్లు కాచిన జ్ఞాపకం ఉన్నవాళ్లకు పేరు చెప్పనక్కరలేదు. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయం భూమిలో నీటి జాడ గురించే రాశాడు. నేరేడు, మేడి, మద్ది, వావిలి, చెదపుట్టలు అందులో వస్తాయి. ఏ దిక్కున ఎన్ని మూరల దూరంలో నీళ్లు పడతాయో కూడా లెక్క కట్టాడు. ఆ మూరల లెక్క నమ్మి బోరు వేయమని నేను ఎవరికీ చెప్పను. రాయి ఊరూరికీ మారుతుంది. చెట్ల వరస మాత్రం మన వాగుల్లో చూసినదానికి సరిపోతుంది.

ఈత చెట్టు మీద ఒక మాట. ఎక్కడైనా పొలాల మధ్య ఈత చెట్లు వంకర టింకరగా ఒక వరసలో పోతుంటే, అక్కడ ఇప్పుడు వాగు లేకపోయినా ఒకప్పుడు పాయ పారిందేమోనని అనుమానించండి. కల్లు గీసిన చెట్టయితే మాను మీద గాట్లు మెట్లలా కనిపిస్తాయి. ఒక ఏడు ఒక వైపు, మరో ఏడు రెండో వైపు గీయడం వల్ల మాను అటూ ఇటూ నొక్కుకుపోయి ఉంటుంది. గాట్లు లెక్కపెడితే ఎన్ని ఏళ్లు గీశారో చెప్పవచ్చు. పక్కన గీత కార్మికుడు ఉంటే అడగండి, ఆ చెట్టు చరిత్ర చెబుతాడు. వాగు మీదికి వాలిన ఈత కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే అది అదనపు లాభం.

ఇసుక మీద నేరుగా మొలిచేవి చిన్నవే గాని, నాకు వాటితోనే ఎక్కువ కాలక్షేపం. పేర్లు రానివాళ్లు కూడా వీటితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే చేత్తో పట్టుకుని పరీక్ష చేయవచ్చు. గడ్డి కాడనూ తుంగ కాడనూ రెండు వేళ్ల మధ్య దొర్లించండి. గడ్డి దొర్లుతుంది. తుంగ దొర్లదు, మూడు పలకలు వేలికి తగులుతాయి. వెంపలి చిట్టి ఆకును కొస పట్టుకుని లాగండి. అడ్డంగా చిరగదు, బాణం ములికిలా కోణం తీరి తెగుతుంది. మా బడి పిల్లలు దీన్ని ఒకరికొకరు పోటీపడి చూపించుకునేవారు. పల్లేరు కాయ గురించి మీకు చెప్పాల్సింది లేదు, చెప్పుల అడుగు భాగమే చెబుతుంది.

దూసర తీగ కథ వేరే. ఒడ్డు మీది కంపలకు అల్లుకుని ఉంటుంది, ఆకు మీద మెత్తటి నూగు. గుప్పెడు ఆకులు గ్లాసుడు నీళ్లలో బాగా పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టి కదపకుండా పక్కన పెట్టండి. మీరు తెచ్చుకున్న అటుకులు తినేలోపు ఆ పచ్చని నీళ్లు గడ్డకట్టి జున్నులా తయారవుతాయి. గ్లాసు వంచినా జారవు. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు, మేకల కాపరి ఒకామె నా టిఫిన్ డబ్బాలోనే చేసి చూపించింది. "పంతులు గారికి ఇది తెలియదా" అని ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

చలికాలం చివర్లో వెళితే ఇసుక మీద పసుపు పూలతో, ముళ్ల ఆకులతో బలురక్కసి కనిపిస్తుంది. విరిస్తే పసుపు పాలు కారతాయి. ఇది మెక్సికో నుంచి వచ్చిన మొక్క. గింజలు చూడటానికి ఆవాల్లా ఉంటాయి, వాటి నూనె ఆవనూనెలో కలిసే 1998లో ఢిల్లీలో ఎంతోమందికి ఒళ్లు వాచి ప్రాణాల మీదికి వచ్చింది. చూడండి గాని పిల్లల చేతికి ఇవ్వకండి. ఊదా పూల నేలవాకుడు, కొక్కేల కాయల మరులమాతంగి కూడా ఇసుకలోనే. మరులమాతంగి అన్న పేరు ఎంత అందమో, దాని లేత మొలకలు పశువులకు అంత విషం.

ఎడారి మొక్కే చూడాలన్న పట్టుదల ఉంటే చేదుపుచ్చ కోసం వెతకండి. రాజస్థాన్, అరేబియా, సహారా ఇసుకల్లో పాకే తీగ ఇది, పాలమూరు ఇసుకలో కూడా పాకుతుంది. ఆకు చీలికలు చీలికలుగా పుచ్చ ఆకులా ఉంటుంది, కాయ బత్తాయి అంత, పచ్చ చారలు. పుచ్చపిందె అనుకుని కొరికారా, ఆ పూటంతా చెంబు పట్టుకుని తిరగాల్సిందే.

ఇప్పుడు మీరు విసుగ్గా రాసిన సర్కారు తుమ్మ. మీరు వీడియోల్లో చూసిన ఎడారి వాగుల్లో మెస్కీట్ అనే ముళ్ల చెట్టు ఉంటుంది చూడండి, మన సర్కారు తుమ్మ దానికి వరసకు చెల్లెలే. అంటే మీరు వెతుకుతున్న ఎడారి వాగు చెట్టు మీ ఇంటి వెనకే ఉంది. 1870ల్లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, కడప వైపు, కరువు నేలలో వంటచెరకు కోసమని గింజలు తెప్పించి నాటారు. ఆ తరువాత దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. అరిజోనాలో ఒక గని తవ్వుతుంటే 50 మీటర్లకు పైగా లోతున మెస్కీట్ వేరు కనిపించిందని నమోదైంది. అంత లోతుకు వెళ్లగల వేరుకు మన వాగు ఊట ఒక లెక్కా? నల్లతుమ్మకూ దీనికీ తేడా పూతలో తెలుస్తుంది. నల్లతుమ్మ పూవు పసుపు బంతి, కాయ పూసలు గుచ్చిన దండలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ పూత పొడుగాటి కంకి, కాయ తిన్నగా పచ్చ పసుపు రంగులో ఉంటుంది, నమిలితే తీపి. మేకలు తింటాయి, గింజలు పెంటికల్లోనో వరదలోనో ఇంకో వాగుకు చేరతాయి. బొగ్గు కాల్చుకుని బతికే కుటుంబాలను దీని దయ మీద చూశాను కాబట్టి పూర్తిగా తిట్టలేను. కానీ అది కమ్మేసిన పాయలో వావిలీ, చిన్న కానుగలూ నాకు కనిపించలేదు. చెరువుల్లో నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ఆ పని లొట్టపీసు పొద చేస్తోంది.

ఏ వాగు ఎంచుకోవాలన్నది కూడా అడిగారు. మీ ఊరి వాగునే. అయినా పోల్చి చూడటానికి రెండు మూడు తెలిసి ఉండటం మంచిది. దుందుభి పాయలు, డిండి ఎగువ భాగం ఇసుక వాగుకు మంచి నమూనా. కోయిల్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే పెద్దవాగు ఇంకొకటి. పెద్దవాగు అని అడిగితే మాత్రం ప్రతి మండలంలోనూ ఒకటి చూపిస్తారు, జాగ్రత్త. హాలియా, మిర్యాలగూడ వైపు వాగులను ఈ పాఠానికి వాడుకోవద్దు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి వరి పొలాల ఊట నీరు వాటిలోకి దిగుతూ ఉంటుంది, అందుకే అక్కడ జమ్ము ఎక్కువ. మూసీ సంగతి సరేసరి. హైదరాబాద్ మురుగునీటితో అది ఏడాది పొడవునా పారుతుంది, గుర్రపుడెక్క తప్ప చూసేదేమీ మిగల్లేదు. నల్లమల లోపలి వాగులు అందమైనవే, కానీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

నడిచే పద్ధతికి పెద్ద శాస్త్రం లేదు. ఒక కిలోమీటరు ముక్క ఎంచుకుని ఏడాదిలో ఆరేడుసార్లు అదే ముక్కలో నడవండి. పది కిలోమీటర్లు ఒకసారి నడిచినవాడి కన్నా మీకు ఎక్కువ తెలుస్తుంది. మలుపు దగ్గర లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది, బయటి వైపు ఒడ్డు కోసుకుపోతుంది. ఆ కోత దగ్గర నిలబడితే చెట్టు వేళ్లు గాలిలో వేలాడుతూ కనిపిస్తాయి. వేరు ఎంత లోతు దిగిందో చూడటానికి మీరు పలుగు పట్టాల్సిన పని లేదు. ఫొటో తీసేటప్పుడు మొత్తం మొక్క ఒకటి, ఆకు పైభాగం, ఆకు అడుగు, పూవు గాని కాయ గాని, పక్కన కొలతకు ఒక రూపాయి నాణెం. పేరు ఊళ్లో ముగ్గురిని అడగండి. మూడు పేర్లు చెబుతారు, మూడూ రాసుకోండి. ఫోను యాప్ చెప్పిన పేరును నాలుగోదిగా రాసుకోండి, మొదటిదిగా కాదు.

జాగ్రత్తల్లో మొదటిది వరద. ఓ ఆగస్టు సాయంత్రం నేను వాగు మధ్యలో బండ మీద సంచీ పెట్టి, రెల్లు దుబ్బులో ఏదో చూస్తున్నాను. నా నెత్తి మీద ఎండ కాస్తోంది. ఒడ్డు మీద మేకలు తోలుకుంటున్న పెద్దాయన, "సారూ, పైకి రండి, పడమట మబ్బు దించింది" అని కేకేశాడు. అయిదు నిమిషాలు ఆగుతానన్నాను. ఆయన మళ్లీ, ఈసారి కసిరినట్టు పిలిచాడు. ఒడ్డెక్కుతుంటే ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ముందు వచ్చింది నీరులా లేదు. పుల్లలు, పెంటికలు, ఒంటి చెప్పు, నురగ కలిసి చాప చుట్టుకుంటూ దొర్లినట్టు వచ్చింది. మొదట చీలమండ లోతే. టీ తాగేంత సేపట్లో బండ మునిగింది, సంచీ పోయింది, అందులో రెండు నెలల నోట్సు పోయింది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎగువన మబ్బు ఉంటే దిగకండి. మామూలు రోజుల్లో కూడా తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో ఒకసారి చూడండి. పోయిన వరద అంత ఎత్తు వచ్చిందన్నమాట. చాలాచోట్ల అది మీ తల కన్నా పైన ఉంటుంది.

రెండోది ఇసుక గుంతలు. నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చినా ట్రాక్టర్లు తవ్వుతూనే ఉన్నాయి. నీళ్లు నిండాక ఆ గుంతల లోతు పైకి తెలియదు, అంచు ఇసుక కాలు పెట్టగానే జారుతుంది. వాటి దరిదాపులకు పిల్లలను రానివ్వకండి. మూడోది పాము. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది, చిన్న పింజర రాళ్ల సందుల్లో ఉంటుంది. మడమలు కప్పే బూట్లు, చేతిలో కర్ర, చూడకుండా పొదలో చెయ్యి పెట్టకపోవడం. కాటు పడితే కోయడం, కట్టడం, పసరు పోయడం ఏమీ వద్దు, ఆ కాలు కదపకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి. మే నెలలో అయితే పొద్దున తొమ్మిదికల్లా ఒడ్డెక్కేయాలి. ఇసుక మీద వడదెబ్బ పైనుంచీ కిందినుంచీ తగులుతుంది. చెలిమ నీళ్లు చూడటానికే, ఇప్పుడు తాగడానికి పనికిరావు.

చివరగా, ప్రశ్నతో పాటు మీరు పెట్టిన ఫొటో. కుడి ఒడ్డున సర్కారు తుమ్మల వెనక తెల్లటి మాను ఒకటి సగం కనిపిస్తోంది. మీరు దాన్ని యూకలిప్టస్ అని రాశారు. యూకలిప్టస్ మాను అంత లావై, కొమ్మలు వాగు మీదికి అలా వంచదు. ఈ ఆదివారం పొద్దున్నే వెళ్లి తొడిమ దగ్గర వేలు పెట్టి చూడండి. రెండు బుడిపెలు తగిలితే, దాని దిగువన నల్లరాళ్లు ఏమైనా అడ్డం పడ్డాయేమో చూసి, దగ్గరి ఫొటో ఒకటి పెట్టండి.